గన్నేరు హాక్ మాత్‌ని గుడ్డు నుంచి మాత్ అయ్యేదాకా పెంచి చూడటం ఎలా (ఫుల్ గైడ్)

నందివర్ధనం మొక్క నిన్నటిదాకా గుబురుగా ఉండి పొద్దున్నే చూసేసరికి కొమ్మల చివర్లు బోడిగా కనిపిస్తున్నాయా, కింద నల్లటి పెంటికలు పడున్నాయా? అయితే స్ప్రే బాటిల్ పక్కన పెట్టి ముందు మొక్కలో వెతకండి. అక్కడ ఉన్నది చాలావరకు గన్నేరు హాక్ మాత్ గొంగళిపురుగే అయ్యుంటుంది (మాత్ అంటే సీతాకోకచిలుకలాగే ఉండి, ఎక్కువగా రాత్రిపూట ఎగిరే కీటకం). సైంటిఫిక్ పేరు డాఫ్నిస్ నీరియై, 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ రికార్డు చేసిన జాతి. ఆఫ్రికా నుంచి దక్షిణాసియా దాకా వెచ్చగా ఉండే చోట్లన్నిటా ఉంటుంది, ఎండాకాలంలో అయితే మధ్యధరా సముద్రం దాటి యూరప్ లోపలిదాకా ఎగురుకుంటూ పోతుంది, అప్పుడప్పుడు బ్రిటన్‌లో కూడా కనిపిస్తుంది. కానీ దీని ప్యూపా (గొంగళిపురుగు మాత్‌గా మారే ముందు పెంకులో ఉండే దశ) మంచు చలికి తట్టుకోలేదు కాబట్టి అక్కడ శీతాకాలం బతకదు, మళ్ళీ వచ్చే ఏడాది కొత్తవి వలస రావాల్సిందే.

పెద్దదైన మాత్ ఎంత బాగుంటుందో చూసినవాళ్ళకి తెలుసు. రెక్కలు చాపితే 9 నుంచి 11 సెంటీమీటర్లు, ముదురు ఆకుపచ్చ, లేత పచ్చ, గులాబీ, మీగడ రంగు అన్నీ కలిపి మెలికలు మెలికలుగా గీసినట్టుంటుంది. ఆకుల మధ్య వాలితే పక్కనే నిలబడినా కనపడదు. దీన్ని బయట వెతికి పట్టుకోవడం కష్టం, గొంగళిపురుగు నుంచి పెంచుకుంటే మాత్రం రెక్కలు విచ్చుకోవడం కళ్ళారా చూడొచ్చు. వెచ్చటి వాతావరణంలో గుడ్డు నుంచి మాత్ దాకా సుమారు నెల, నెలా పది రోజులు పడుతుంది. పెద్ద సామాను ఏమీ అక్కర్లేదు, ఓపిక కావాలి, ఇంకా ముఖ్యంగా దాన్ని ఊరికే కెలక్కుండా ఉండటం కావాలి.

ముందు విషం సంగతి

ఇది తినే మొక్కలు దాదాపు అన్నీ ఒకే కుటుంబానివి, తుంచితే పాలు కారేవి చాలా ఉంటాయి. గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు, ఏడాకుల పాల, ఎడీనియం ఇలా. వీటిల్లో గన్నేరు బాగా ప్రమాదం, దాంట్లో ఉండే ఒలియాండ్రిన్ అనే విషం నేరుగా గుండె మీద పని చేస్తుంది. పురుగు మాత్రం ఆ ఆకులే తిని పెరుగుతుంది, దానికేం కాదు, మనకి అలా కుదరదు. గన్నేరు ఆకులు కోసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, ఆ పాలు కంట్లో పడకుండా చూసుకోండి, అయిపోయాక సబ్బుతో చేతులు కడుక్కోండి. వాడేసిన ఆకుల్ని పశువులకి అందే చోట పడేయొద్దు, మంట కూడా పెట్టొద్దు, ఆ పొగ పీల్చకూడదు. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే నా సలహా ఒకటే, గన్నేరు వదిలేసి నందివర్ధనం మీద దొరికిన వాటినే పెంచుకోండి.

స్టెప్ 1: వెతకడం

గొంగళిపురుగు కోసం వెతికితే దొరకదు, పెంటికల కోసం వెతకాలి. ఇదే అసలు కిటుకు. అంత లావు పురుగు కూడా ఆకు కింద ఈనెని పట్టుకుని తలకిందులుగా కూర్చుంటే, దాని ఒంటి మీదున్న తెల్ల చార అచ్చం ఆకు అంచు మీద పడ్డ వెలుగులా ఉండి, చూపు దాని మీంచే జారిపోతుంది. అదే నేల మీదో కింది ఆకుల మీదో పడ్డ పెంటికలు అయితే వెంటనే తెలిసిపోతాయి. ఒకటి అరచేతిలో పెట్టుకుని దగ్గరగా చూడండి, చిన్న పీపాలాగా ఉండి చుట్టూ నిలువుగా గాడులు ఉంటాయి, హాక్ మాత్ పురుగుల పెంటిక ఇలాగే ఉంటుంది. ఇంకా పచ్చగా తడిగా ఉంటే పురుగు సరిగ్గా పైనే ఉన్నట్టు, ఎండి నల్లబడి ఉంటే నిన్నటిది, అది వేరే కొమ్మకి పోయుండొచ్చు. అక్కడి నుంచి నిటారుగా పైకి చూస్తూ, ఆకు సగం తినేసి ఈనె మాత్రం మిగిలిన చోట ఆగి వెతకండి. చీకటి పడ్డాక టార్చ్ వేసి చూస్తే ఇంకా ఈజీ.

గుడ్లు కావాలంటే లేత చిగుళ్ళ దగ్గర చూడాలి. గుండ్రంగా, లేత పసుపు పచ్చగా, మిల్లీమీటరున్నర సైజులో ఉంటాయి, గుంపుగా కాకుండా ఒక్కోటి విడివిడిగా పెడుతుంది, ఆకు పైనా ఉంటాయి కిందా ఉంటాయి. గుడ్డుని ఆకు నుంచి గీకి తీయొద్దు, ఆ ఆకు ముక్కతో సహా తెచ్చుకోండి. వెచ్చగా ఉంటే నాలుగైదు రోజుల్లో పొదుగుతుంది, చల్లగా ఉంటే ఇంకా టైం తీసుకుంటుంది. గుడ్డు నల్లగా మారిపోతే దాంట్లో చిన్న కందిరీగ జాతి పురుగు పెరుగుతున్నట్టు, ఇంక దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

స్టెప్ 2: అదేనా కాదా

పొదిగినప్పుడు మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది, పసుపు రంగు, వెనక ఒంటికి లెక్కకి మించిన పొడవున నల్లటి సన్నని కొమ్ము. మొట్టమొదట తన గుడ్డు పెంకునే తింటుంది. ఆకు తినడం మొదలెట్టాక పచ్చబడుతుంది. మొత్తం నాలుగుసార్లు కుబుసం విడిచి ఐదో దశకి వస్తుంది. అప్పటికి 7, 8 సెంటీమీటర్ల పొడవు, ఆకుపచ్చ ఒళ్ళు, పక్కల వెంబడి తెల్లటి చార, చార చుట్టూ చిన్న చిన్న తెల్ల చుక్కలు, వెనక కొమ్మేమో పొట్టిగా నారింజ రంగులోకి మారి కిందికి వంగి ఉంటుంది. తల వెనకాల రెండు పక్కలా నల్లటి అంచుతో నీలం తెలుపు కళ్ళలాంటి మచ్చలు ఉంటాయి, అవి కళ్ళు కావు. మామూలుగా ముడతల్లో సగం దాక్కుని ఉంటాయి. పురుగుని కదిపితే తల లోపలికి ముడుచుకుని మెడ భాగం ఉబ్బిస్తుంది, ఆ మచ్చలు ఒక్కసారి పెద్దవై ఏదో పాము తల మనవైపు చూస్తున్నట్టు అవుతుంది. పక్షి అయితే ఒక్క క్షణం వెనక్కి తగ్గుతుంది, దీనికి కావాల్సింది ఆ క్షణమే. కుట్టదు, కరవదు, ఒంటి మీద దురద పెట్టే వెంట్రుకలు కూడా లేవు, ఆ కొమ్ము మెత్తగా ఉంటుంది, ఏమీ చేయదు.

గన్నేరు మీద ఇంకో గొంగళిపురుగు కూడా దొరుకుతుంది, దానికి వెనక కొమ్ము ఉండదు, ఒళ్ళంతా అడ్డచారలు, వీపు మీద నాలుగు జతల పొడవాటి నల్లటి తీగల్లాంటివి ఉంటాయి. అది కామన్ క్రో అనే సీతాకోకచిలుకది. దాన్నీ పెంచుకోవచ్చు, బంగారు పూత పూసినట్టు మెరిసే ప్యూపా కడుతుంది, కానీ దాని పద్ధతి వేరు, ఆకు కింద వేలాడుతుంది, ఈ గైడ్ దానికి పనికిరాదు.

స్టెప్ 3: ఇల్లు

చిన్నప్పుడు చిన్న డబ్బా, పెద్దయ్యాక పెద్ద డబ్బా, అంతే. పొదిగిన కొత్తల్లో మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా బెస్ట్, అడుగున టిష్యూ పేపర్, దాని మీద లేత ఆకు. ఈ దశలో మూతకి కన్నాలు పెట్టకపోయినా పర్లేదు, రోజూ తెరుస్తాం కదా ఆ గాలి చాలు, పైగా ఆకు వాడకుండా ఉంటుంది. మూడో దశ దాటాక మాత్రం గాలి బాగా ఆడాలి, లేకపోతే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది, పురుగు మెత్తబడి చచ్చిపోతుంది. దోమల నెట్ కట్టిన పెద్ద డబ్బానో, బట్టలు వేసే నెట్ బుట్టనో వాడుకోండి. ఎండ నేరుగా పడే చోట అస్సలు పెట్టొద్దు, మూతున్న ప్లాస్టిక్ డబ్బా ఎండలో కాసేపట్లోనే పొయ్యి అయిపోతుంది.

ఎన్ని పెంచాలి అంటే రెండు మూడు చాలండి. చూసినవన్నీ తెచ్చుకుంటే చివరి వారంలో ఆకులు కోయలేక చేతులెత్తేస్తారు, ఒకదానికి రోగం వస్తే అన్నిటికీ అంటుకుంటుంది.

స్టెప్ 4: తిండి

ఏ మొక్క మీద దొరికిందో ఆ మొక్క ఆకులే పెట్టండి. నందివర్ధనం మీద పెరిగిన దాన్ని మధ్యలో గన్నేరుకి మారిస్తే చాలాసార్లు ముట్టదు, అలా పస్తుండి చచ్చిపోతుంది కానీ కొత్త ఆకు తినదు. పొదిగిన దానికి చిగురాకు, పెద్దవాటికి ముదురు ఆకైనా ఓకే. మందు కొట్టిన మొక్క నుంచి కోయొద్దు, ఇది అందరికీ తెలిసిందే, కానీ నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్క విషయంలో చాలామంది దెబ్బతింటారు. కొన్ని మందులు వేర్ల నుంచి ఆకుల్లోకి ఎక్కి చాలాకాలం ఉండిపోతాయి, ఆకు పైపైన ఎంత కడిగినా పోవు. కొత్త మొక్క అయితే కొన్ని నెలలు ఆగాక దాని ఆకులు వాడుకోండి. బీటీ మందు అంటే సేంద్రియమే కదా అని కొడతారు, అది గొంగళిపురుగుల్ని చంపడానికే ఉన్న మందు అని మర్చిపోవద్దు.

కొమ్మని నీళ్ళ సీసాలో గుచ్చి పెడితే రెండు మూడు రోజులు తాజాగా ఉంటుంది. కాకపోతే సీసా మూతి చుట్టూ దూదితో గట్టిగా బిగించండి, చిన్న సందు ఉన్నా కాండం పట్టుకుని నీళ్ళలోకి దిగి మునిగిపోతుంది, అంత తెలివి తక్కువది. నీళ్ళు తాగించాల్సిన పని లేదు, ఆకులో ఉన్న తడే చాలు. ఆకులు కడిగితే తుడిచి ఆరబెట్టి పెట్టండి.

రోజూ పెంటికలు తీసేయాలి, టిష్యూ మార్చాలి. బోర్ కొట్టే పనే కానీ బతికేదీ చచ్చేదీ ఇక్కడే తేలుతుంది. పాత ఆకు మీద పురుగు ఉంటే దాన్ని లాగొద్దు, కాళ్ళకి కొక్కేల్లాంటివి ఉంటాయి, లాగితే తెగిపోతాయి, ఆ ఆకు ముక్కని కత్తిరించి అలాగే కొత్త ఆకు మీద పెట్టండి, అదే దిగి పోతుంది.

ఒక్కోసారి ఒక రోజంతా కదలదు, తినదు, తల కొంచెం ముందుకి పొడుచుకొచ్చినట్టు మెడ దగ్గర వాచినట్టు కనిపిస్తుంది. జబ్బు కాదు, కుబుసం విడవబోతోంది. కాళ్ళు పట్టుకోవడానికి ఆకు మీద సన్నటి పట్టు దారం పరుచుకుని దాన్ని బిగించి పట్టుకుని ఉంటుంది, ఇప్పుడు మీరు కదిపితే పట్టు పోయి కుబుసం సగంలో ఇరుక్కుంటుంది, ఇంక అది బతకదు. తల తొడుగు ఊడిపోతుంది, ఒంటి చర్మం వెనక్కి జారుతుంది, కాసేపు ఆగి ఆ చర్మాన్ని తినేస్తుంది కూడా. చివరి దశకి వచ్చాక తిండి చూస్తే భయమేస్తుంది, జీవితం మొత్తంలో తినే దాంట్లో ఎక్కువ భాగం ఈ కొద్ది రోజుల్లోనే తింటుంది. రాత్రి నిశ్శబ్దంగా ఉంటే నమిలే చప్పుడు వినపడుతుంది.

స్టెప్ 5: రంగు మారిన రోజు (ఇది జాగ్రత్తగా చదవండి)

ఎక్కువమంది ఇక్కడే పొరపాటు పడతారు. అప్పటిదాకా పచ్చగా నిగనిగలాడిన పురుగు ఉన్నట్టుండి తిండి మానేస్తుంది, వీపు ముదురు గోధుమ రంగులోకి తిరుగుతుంది, ఒళ్ళంతా మసకబారుతుంది, తడిగా జిగటగా విరేచనం అవుతుంది, డబ్బా అంతా పిచ్చెక్కినట్టు తిరుగుతుంది. చూసినవాళ్ళు పాపం ఏదో రోగం వచ్చి చచ్చిపోతోంది అనుకుని తీసి బయట పడేస్తారు. నిజానికి అది కడుపు ఖాళీ చేసుకుని ప్యూపా కట్టడానికి చోటు వెతుక్కుంటోంది. (చివరి దశలో కొన్ని మొదటి నుంచీ గోధుమ రంగులోనే ఉంటాయి, వాటికి రంగు చూసి చెప్పలేం, తిరగడం చూసే చెప్పాలి.)

మొక్క మీద అయితే కిందికి దిగి రాలిన ఆకుల మధ్యకి దూరి వదులుగా కొన్ని దారాలు అల్లుకుంటుంది. పట్టుపురుగు గూడులా గట్టిగా ఉండదు, ఆకుల్ని పోగేసి కట్టుకున్న గుడిసెలాంటిది, లోతుగా మట్టిలోకి కూడా పోదు. కాబట్టి మీరు చేయాల్సింది ఏంటంటే ఒక డబ్బాలో నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తున ఎండాకులు పోయండి, ఎండాకులు లేకపోతే టిష్యూ పేపర్లు నలిపి వేసినా పర్లేదు, పురుగుని దాంట్లో వదిలి మూత పెట్టి చీకటిగా ఉన్న చోట పెట్టేయండి. మూత గట్టిగా పెట్టండి, ఈ దశలో ఇది చాలా స్పీడుగా నడుస్తుంది, వదిలేస్తే బీరువా కిందో పరుపు కిందో తేలుతుంది.

ఆ తర్వాత రెండు మూడు రోజులు అక్కడే పొట్టిగా ముడుచుకుని పడుంటుంది, ఆ చర్మం కూడా విడిచి ప్యూపా అవుతుంది. ఏమైందో చూద్దాం అని మూత తీసి కదిలించాలనిపిస్తుంది, వద్దు. అప్పుడే మారిన ప్యూపా చాలా మెత్తగా ఉంటుంది, వేలు తగిలినా నొక్కుకుపోతుంది. కనీసం ఒక వారం ఆగండి.

స్టెప్ 6: ప్యూపా

గట్టిపడ్డాక మెల్లగా ఆకులు తీసి చూడొచ్చు. ఆరేడు సెంటీమీటర్లు, లేత గోధుమ రంగు, తొండం వచ్చే చోట ముందువైపు నిలువుగా నల్ల గీత, పక్కన ఊపిరి రంధ్రాల దగ్గర నల్ల చుక్కలు. చేతిలో పెట్టుకుంటే తోక వైపు గిరగిరా తిప్పుతుంది, అంటే బతికే ఉంది. చీమల నుంచి కాపాడండి, అన్నిటికన్నా పెద్ద శత్రువు అవే. డబ్బాని నీళ్ళున్న పళ్ళెంలో పెడితే చీమలు రావు. గాలి బాగా పొడిగా ఉంటే రెండు రోజులకోసారి పక్కనున్న టిష్యూ మీద కొంచెం నీళ్ళు చిలకరించండి, ప్యూపా మీద కాదు.

కొన్నిసార్లు ప్యూపా లోంచి మాత్ బదులు ఈగలు వస్తాయి. మీరు తెచ్చినప్పటికే పురుగు ఒంట్లో పరాన్నజీవి ఈగ పిల్లలు ఉండుంటాయి. మీ తప్పు కాదు. బయట దొరికిన పెద్ద పురుగుల్లో ఈ రిస్క్ ఎక్కువ, అందుకే గుడ్డు నుంచో మరీ చిన్న పిల్ల నుంచో మొదలెడితే మంచిది, ఈగలకి దొరికే లోపే మన దగ్గరికి వచ్చేస్తుంది.

వెచ్చగా ఉంటే రెండు వారాలు అటూ ఇటూ. బయటికి వచ్చే ముందు రెక్కల భాగం ముదురుగా అయ్యి, పెంకు లోంచి ఆకుపచ్చ డిజైన్ లీలగా కనపడుతుంది. అది కనపడగానే ప్యూపాని నెట్ ఉన్న పెద్ద బుట్టలోకి మార్చండి, అడుగున గరుకు పేపర్, గోడల మీద ఎక్కడానికి నెట్టో గరుకు కర్రో ఉండాలి. నున్నటి ప్లాస్టిక్ గోడ అయితే జారి కింద పడుతుంది, మాత్ బయటికి వచ్చాక ఎక్కడో ఒకచోట వేలాడితేనే రెక్కల్లోకి ద్రవం ఎక్కి అవి సాగుతాయి, వేలాడకపోతే ముడతలు పడ్డ రెక్కలతోనే ఆరిపోతుంది, ఇంక జన్మలో ఎగరలేదు. రెక్క సాగినంత పొడుగున కింద ఖాళీ కూడా ఉండాలి.

స్టెప్ 7: బయటికి రావడం, వదలడం

చాలావరకు రాత్రి పూట వస్తుంది. వచ్చిన కొత్తలో రెక్కలు వేలి గోరంత ముక్కల్లా నలిగి ఉంటాయి, ఇదేంటి ఇలా ఉంది అనిపిస్తుంది. పైకెక్కి వేలాడుతుంది, చూస్తుండగానే రెక్క మొదట్లోంచి కిందికి సాగుతుంది, అరగంట గంటలో పూర్తి సైజు, ఆరి గట్టిపడటానికి ఇంకొన్ని గంటలు. మధ్యలో వెనక నుంచి రంగు నీళ్ళలాంటి ద్రవం కారుస్తుంది, ప్యూపాలో ఉన్నప్పుడు పోగైన వ్యర్థం అది, రక్తం అనుకుని కంగారు పడొద్దు. ఫోటోలు తీసుకుంటే ఇప్పుడే తీసుకోండి, పగలంతా కదలకుండా కూర్చుంటుంది. ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుగు చాలు. రెక్కలు పట్టుకోవద్దు, పొలుసులు ఊడి చేతికి అంటుకుంటాయి. ముందు కాళ్ళ దగ్గర వేలు పెడితే తనే ఎక్కుతుంది.

లోపల పెట్టుకుని తేనె నీళ్ళు పట్టొచ్చా అని అడుగుతారు. గాల్లో నిలబడి పువ్వులోకి తొండం చాపి తాగే జీవి అండి ఇది, బుట్టలో రెక్కలు కొట్టుకుని చిరిగిపోవడం తప్ప తాగదు. దీని చుట్టం ఎలిఫెంట్ హాక్ మాత్ మీద 2002లో చేసిన పరిశోధనలో అవి నక్షత్రాల వెలుగంత మసక చీకట్లో కూడా రంగులు గుర్తుపట్టి పువ్వు ఎంచుకుంటాయని తేలింది, మనకి ఆ వెలుగులో అంతా బూడిద రంగే. అంత సామర్థ్యం ఉన్నదాన్ని డబ్బాలో పెట్టి ఏం చేస్తాం. మల్లె, పెటూనియా లాంటి వాసనొచ్చే పువ్వులు ఎక్కడున్నాయో అదే చూసుకుంటుంది.

సాయంత్రం చీకటి పడుతుండగా, లైట్లకి దూరంగా, వాన లేనప్పుడు వదలండి. ట్యూబ్ లైట్ కింద వదిలితే దాని చుట్టూనే తిరిగి తిరిగి పొద్దున్నే పక్షుల పాలవుతుంది. మీ వేలి మీద కూర్చుని ముందు రెక్కలు గజగజా వణికిస్తుంది, భయం కాదు, చలి కాదు, ఎగిరే కండరాల్ని వేడెక్కించుకుంటోంది. అది ఒకటి రెండు నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, తొందరపెట్టి గాల్లోకి విసరొద్దు. ఎగిరాక కంటికి ఆనదు, అంత స్పీడు.

పొట్ట లావుగా ఉంటే ఆడది అయ్యే ఛాన్స్ ఎక్కువ. గుడ్లు కూడా చూడాలనుకుంటే ఆడదాన్ని ఆ ఒక్క రాత్రి నెట్ బుట్టలో బయట చెట్టు కింద వేలాడదీయొచ్చు, దాని వాసనకి మగవి దూరం నుంచి వెతుక్కుంటూ వస్తాయి. రాకపోతే మర్నాడు సాయంత్రం వదిలేయండి, పట్టుబట్టొద్దు.

ఇంక మొక్క సంగతి. ఆకులు పోయిన నందివర్ధనం కొద్ది వారాల్లో మళ్ళీ చిగురిస్తుంది, పెద్ద మొక్కకి రెండు మూడు పురుగులు లెక్కలోకి రావు, మరీ చిన్న మొక్క అయితేనే పురుగుల్ని తీసి పెద్ద మొక్క మీద వేయండి. బుట్ట, డబ్బాలు అన్నీ సబ్బుతో కడిగి కనీసం ఒక రోజు గట్టి ఎండలో పెట్టండి, ముఖ్యంగా ఏదైనా పురుగు నల్లబడి మెత్తగా చచ్చిపోయి ఉంటే అది వైరస్సో బ్యాక్టీరియానో అయ్యుండొచ్చు, ఆ డబ్బాని వాడకుండా పడేయడమే నయం. కొత్త చిగుళ్ళు రాగానే ఆకుల మీద మళ్ళీ పసుపు పచ్చ గుడ్లు ఉన్నాయేమో చూస్తుండండి.